కంచు గిన్నెల లోపలి మైనం

నేను పనిచేసే మేడకి బోర్డు మీద పొడుగాటి పేరుంది, మూడు లిపుల్లో. మా వాడలో ఎవరూ ఆ పేరు పలకరు. "ఇండోనేషియా ఇల్లు" అంటారు. మా ఆయనైతే "నీ జావా ఇల్లు" అంటాడు, నేనేదో పుట్టింటికి వెళ్తున్నట్టు. ఈ బర్మా ఊళ్ళో లత అనే పేటలో మా మూడో అంతస్తు దిగి, రెండు బస్సులు మారి, ఎనిమిదింటికల్లా అక్కడి గేటు తాళం తీయాలి. తాళాలు నావి, చీపురు నాది, టీ నాది. ఎవరొచ్చినా ముందు నా మొహమే చూస్తారు. ఆ మొహం మీద నవ్వుండాలని ఇబు చాలాసార్లు చెప్పింది. ప్రయత్నిస్తున్నాను.

ఇబు అంటే వాళ్ళ భాషలో అమ్మ, అమ్మగారు. ఆ మేడని నడిపేది ఆవిడే. భర్తతోపాటు జావా నుంచి వచ్చి, ఆయన వ్యాపారం చేసినన్నాళ్ళూ ఇక్కడే ఉంది. ఆయన పోయాక తిరిగి వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. తన సొంత సొమ్ముతో ఆ చెక్క మేడ తీసుకుని, తమ దేశపు కళలు ఇక్కడి పిల్లలకి నేర్పించడం మొదలుపెట్టింది. ఏ సర్కారూ ఆవిడకి పైసా ఇవ్వదు. సోమవారం భాష, బుధవారం బతిక్, అంటే వేడి మైనంతో బట్ట మీద గీసి రంగు వేసే పని, శనివారం నాట్యం. కరెంటు పోతే జనరేటర్, జనరేటర్‌కి డీజిల్ దొరక్కపోతే కిటికీలు తెరుచుకుని పాఠం. పాఠం మాత్రం ఆగదు.

వీటన్నిటిలో నాకు పడనిది బతిక్. కళ గొప్పదే, కాదనను. కానీ బుధవారం సాయంత్రం ఆ గది నేల చూడాలి. టేకు చెక్కల మీద మైనం చుక్కలు, కిటికీ అంచుల మీద మైనం, ఓసారి తలుపు గడియ మీద కూడా. పిల్లలు గుడ్డని వేడినీళ్ళలో ముంచి మైనం వదిలించుకుని, రంగులు చూసుకుని మురిసిపోయి ఇంటికి పోతారు. నేల మీద మైనం వదిలించేది నేను, మొండి కత్తి పట్టుకుని, మోకాళ్ళ మీద. నన్నడిగితే మైనం ఎక్కడ కనపడినా గీకెయ్యాల్సిందే. అంతకుమించి దాని గురించి ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

కిందటేడు ఓడలో గామెలాన్ వచ్చింది. గామెలాన్ అంటే ఒక్క వాయిద్యం కాదు. కంచు పలకలు, కంచు గంటలు, మనిషంత ఎత్తు కొయ్యకి వేలాడే పెద్ద కంచు పళ్ళెం, అన్నీ కలిపి ఒక కుటుంబం. వాటిలో నాకు నచ్చింది బొనాంగ్. మంచంలాంటి చెక్క పీట మీద తాళ్ళు కట్టి, రెండు వరసల్లో పన్నెండు కంచు గిన్నెలు బోర్లించి పెడతారు. ఒక్కో గిన్నెకీ నెత్తిన బొడిపె. దారం చుట్టిన కర్రలతో ఆ బొడిపె మీద కొడితే మోగుతుంది. మొదటిసారి చూసినప్పుడు, మా అమ్మ అటక మీది గిన్నెలన్నీ ఎవరో తోమి ఆరబెట్టారనిపించింది.

ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు. వాయిద్యాన్ని దాటి అడుగు వేయకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఇబు ఈ నియమాలు చెప్తుంటే కాలేజీ పిల్లలు లోపల్లోపల నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని. ఇన్నాళ్ళకి ఈ మేడలో నాకు తెలిసిన సంగతి ఒకటి వచ్చిందని సంతోషపడ్డాను.

సముద్రం మీద వచ్చిన కుదుపులకో, ఇక్కడి వానలకో, బొనాంగ్‌లో కొన్ని గిన్నెల శ్రుతి తప్పింది. ఆకురాయితో రాస్తే శ్రుతి మారుతుందట కానీ, ఒకసారి అరిగిన కంచు తిరిగి రాదని ఇబు భయం. అందుకని ఆవిడ ఏటి అవతలి దలా నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించింది. అక్కడా ఇక్కడా అందరూ ఆయన్ని సయా అంటారు, అంటే గురువు. బర్మా మేళాల్లో గుండ్రంగా పేర్చిన గంటల మధ్య కూర్చుని వాయించేవాడట ఒకప్పుడు. వేళ్ళు బిగుసుకుపోయి వాయించడం మానేశాక, ఊళ్ళోని మేళాలకి గంటల శ్రుతి సరిచేసి బతుకుతున్నాడు. మొదటిరోజు వచ్చి గిన్నెల్ని ఒక్కొక్కటే కొట్టి విని, పంచదార లేని టీ తాగి, పడవకి వేళైందని వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు నేను లేను. మింగళాడోన్‌లో మా చెల్లెలి కూతురి పెళ్ళికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి, "సయా శ్రుతి కుదిర్చేశాడు, చక్కగా ఉంది" అంది ఇబు. ఎలా కుదిర్చాడని నేను అడగలేదు. తెలియనిదాన్ని అడగడం నాకు అలవాటు లేదు.

దసరా దగ్గరపడింది. ఆ ఆదివారమే గామెలాన్ మొదటి కచేరీ. అతిథులు వస్తారు, ఇబు చెల్లెలు జకార్తా నుంచి వస్తోంది. పిల్లలు ఏడాదిగా నేర్చుకుంటున్నారు. దసరాకి ముందు మా ఇళ్ళలో ఏం చేస్తామో చెప్పాలా? అటక మీది ఇత్తడి, కంచు, రాగి మొత్తం కిందికి దిగుతుంది. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. మా తాత శ్రీకాకుళం అవతలి సముద్రపు ఒడ్డునుంచి ఈ రేవులో మూటలు మోయడానికి వచ్చినప్పుడు మా నాయనమ్మ వెంట తెచ్చుకున్నవి రెండు కంచు గిన్నెలేనట. అవి ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి, వాటిలో మొహం చూసుకోవచ్చు. మసకబారిన కంచు కనపడితే మా ఆడవాళ్ళ చేతులు దురదపెడతాయి.

బుధవారం ఇబు బయటికి వెళ్ళింది. బతిక్ పాఠం కూడా లేదు. నేనూ, ఆ గిన్నెలూ. గోధుమరంగు తిరిగి, పాత కాలవలో దొరికినట్టున్నాయి. ఆదివారం అంతమంది ముందు ఇలాగా? పీట మీంచి ఒక్కొక్కటే దింపి పెరట్లో కుళాయి దగ్గరికి మోసుకుపోయాను. దింపే ముందు ఏది ఎక్కడిదో సుద్దముక్కతో పీట మీద అంకెలు కూడా వేసుకున్నాను, అంత జాగ్రత్త. మూడో గిన్నె తిరగేసేసరికి లోపల నల్లగా ముద్ద. గోటితో గిల్లాను. మైనం!

నా కోపం నషాళానికి అంటింది. నేలా కిటికీలూ చాలక, మిగిలిన మైనం తెచ్చి గామెలాన్‌లో పారబోశారా ఈ బతిక్ వాళ్ళు? చెప్పులతో రానివ్వని గదిలో! నాలుగు గిన్నెల్లో ఉంది ఆ ముద్ద. తిట్టాల్సినవన్నీ తెలుగులో తిట్టాను, కాకులు తప్ప వినేవాళ్ళు లేరు కాబట్టి. మొండి కత్తి తెచ్చి నాలుగింట్లోనూ అడుగంటా గీకి, చింతపండు పట్టించి, పీచుతో తోమి కడిగాను. మధ్యాన్నానికి పన్నెండు గిన్నెలూ పీట మీద ఎక్కడివక్కడ కూర్చున్నాయి, కొత్త పెళ్ళికూతుళ్ళలా. ఆ రోజు బస్సులో నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికెళ్ళాను.

మర్నాడు అభ్యాసం. గదిలోకి అడుగుపెట్టి ఇబు ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ గోధుమరంగే వాటి అందమని, దాన్ని తోమరని నాకప్పుడు తెలీదు. ఆవిడ మర్యాదస్తురాలు. "ఎంత కష్టపడ్డారు అమా" అంది. అమా అంటే బర్మీస్‌లో అక్క. నేను గడప దగ్గర టీ పళ్ళెంతో నిలబడి పొంగిపోయాను.

వాయించడం మొదలుపెట్టారు. పది నిమిషాలు కూడా కాలేదు, ఇబు చెయ్యెత్తి ఆపింది. బొనాంగ్ ముందున్న పిల్లాణ్ణి ఒక్కొక్క గిన్నే కొట్టమంది. మూడోది, ఐదోది, ఎనిమిదోది, పదకొండోది. ఆ నాలుగూ గొంతు పెంచి పలుకుతున్నాయని సంగీతం రాని నాకే తెలిసింది. ఇబు లేచి మూడో గిన్నె తిరగేసి లోపల చెయ్యిపెట్టి చూసింది.

"మైనం లేదే" అంది. "సయా పెట్టిన మైనం ఏదీ?"

అప్పుడు తెలిసింది నాకు. బర్మా గంటల శ్రుతి అలాగే సరిచేస్తారట. మైనంలో సీసం పొడి కలిపి, గంట లోపల అంటిస్తారు. బరువు పెరిగితే స్వరం దిగుతుంది. చిటికెడు తీస్తే ఎక్కుతుంది. అలా రోజంతా చెవి ఆనించి కూర్చుని పెట్టిన మైనాన్ని నేను పావుగంటలో గీకి కాలవలో పారబోశాను.

"అమా, తోమేటప్పుడు లోపల ఏమైనా చేశారా?" అని అడిగింది ఇబు. గదిలో ఇరవైమంది పిల్లలు నావైపు తిరిగారు. అడిగిన తీరులో అనుమానం లేదు, ఊరికే అడిగింది.

"లేదు ఇబు. పైపైనే తోమాను" అన్నాను.

అంత తొందరగా ఎలా వచ్చిందో ఆ అబద్ధం! వెనక వరసలో కంచు పలకలు వాయించే ఒకమ్మాయి ఉంది. చదువుకుంటూనే ఊళ్ళో ఒక బర్మా మేళంలోనూ వాయిస్తుంది. "వేడికి రాలిపోయి ఉంటుంది ఇబు. ముసలాయన చెయ్యి ఇదివరకటిలా లేదేమో. మా మేళానికీ ఆయనే చేస్తాడు. వాళ్ళకీ ఓ మాట చెప్పాలి" అంది. చెడ్డ పిల్ల కాదు, ఉన్నమాట అన్నాననే అనుకుంది.

శుక్రవారం సయా వచ్చాడు. ఆ వానలో పడవెక్కి, తలకి ప్లాస్టిక్ కవరు కట్టుకుని. పిల్లలందరూ ఉన్నారు. ఇబు గొంతు పెంచే మనిషి కాదు, మెత్తగానే అంది. "సయా, మీ మైనం నిలవలేదు. ఆదివారం కచేరీ. ఈసారికి మీరే చేయండి. తరవాత వేరే ఎవరినైనా చూసుకుంటాను."

ఆయన మూడో గిన్నె తీసి లోపల బొటనవేలితో నెమ్మదిగా రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఐదోది కూడా అలాగే. నేను తేలు కుట్టిన దొంగలా తలుపు చాటున నిలబడ్డాను. "రేపు పొద్దున మైనం తెస్తాను" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. ఆరోజు నా టీ తాగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఆయన చొక్కా విప్పుకుని కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు.

"అయితే ఏటిప్పుడు?" అన్నాడు. "ముసలోడు మళ్ళీ మైనం ఎట్టీసి పోతాడు. కచేరీ అయిపోద్ది. నువ్వెల్లి సెప్పితే నీ పని పోద్ది. ఈ వయసులో నీకు తాళాలిచ్చీవోళ్ళెవలు?"

"ఆయనకి మేళాలోళ్ళు పని మానిపించెస్తారండీ. ఆ పిల్ల సెప్పెస్తానంది."

"నువ్వు సూసావేటి, మానిపించడం?"

"ఆయన ఏళ్ళు పనిసెయ్యవు. సెవులొక్కటే ఉన్నాయి. నాను ఆ సెవులకే ఎసరెట్టీసాను."

మా ఆయన పేపరు మడిచాడు. "ఒకలు తప్పు సేసారంటే ఈది ఈదంతా ఇనిపించీలాగ కడిగీసీదానివి. నీ దాకా వచ్చీసరికి బయమేటే?" అన్నాడు. నన్ను ఆపడానికన్నాడో, పంపడానికన్నాడో ఇప్పటికీ తెలీదు. నాకు భయంగానే ఉంది, ఆ మాట ఆయనతో ఒప్పుకోలేదు, అంతే. ఆ మేడ తాళాలు నా నడుముకి లేకపోతే నేనెవర్ని, లతలో మూడో అంతస్తులో ఇంకో ముసలమ్మని. అంతకన్నా సిగ్గుగా ఉంది. ఒక పెద్దాయన తన గిన్నెలో వేలు పెట్టి చూసుకుని, ఎదుటివాళ్ళ మాట పడి, మళ్ళీ వానలోకి వెళ్ళిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

శనివారం పొద్దున ఇబు గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెప్పాను. కత్తి సంగతి, చింతపండు సంగతి, పైపైనే తోమానన్న అబద్ధం, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని నావైపు తోసింది.

"మీరు కావాలని చేయలేదు. తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి" అంది. "సయాతో నేను మాట్లాడతాను. ఆయనే మనకి ఎప్పటిలా చేస్తాడు. పిల్లలకి మాత్రం ఏమీ చెప్పకండి అమా. రేపు కచేరీ పెట్టుకుని ఇది ఎందుకు? మిమ్మల్ని చిన్నచూపు చూస్తారు."

నా ఒళ్ళు తేలికైపోయింది. ఇంత సులువా అనుకున్నాను. పని ఉంది, పరువుంది, సయాకీ న్యాయం జరిగింది. ఆ గదిలోంచి బయటికి వస్తూ, మంచిదాన్నే కదా నేను అని కూడా అనుకున్నాను.

సయా వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రేకు డబ్బా, చేతిలో మైనం. వంగని వేళ్ళతో దాన్ని అరచేతిలో పెట్టి మెదుపుతున్నాడు. లోపల పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చుంటున్నారు. నేను వెళ్ళి ఆయన ముందు నేల మీద మోకరిల్లి చేతులు జోడించాను. ఈ దేశంలో పెద్దల దగ్గర తప్పు ఒప్పుకునే పద్ధతి అది. చిన్నప్పుడు బళ్ళో అందరితోపాటు చేశాను. పెద్దయ్యాక ఎవరి ముందూ చేయలేదు.

"సయా, మీ మైనం రాలలేదు. నేనే గీకేశాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు, మైనం మెదుపుతూనే. "రాలితే మరక ఉంటుంది. అక్కడ కత్తి గాట్లున్నాయి. చింతపండు వాసన కూడా వచ్చింది."

"మరి నిన్న అందరిలో ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఏమనుకుంటారు? ముసలాడు చేతకాక పనిమనిషి మీదకి తోస్తున్నాడనుకుంటారు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఇబుకి అంతా చెప్పేశానని, ఆవిడ ఇక ముందు కూడా ఆయన్నే పిలుస్తుందని, నన్ను క్షమించమని గబగబా చెప్పాను. చెప్పి, నుదురు నేలకి ఆనించబోయాను. ఆయన మైనం అంటిన చెయ్యి నా భుజం మీద వేసి ఆపాడు.

"లే తమీ" అన్నాడు. తమీ అంటే కూతురా అని. కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే లేదు. "కింద కూర్చుని చెప్తే నా ఒక్కడికే వినపడుతుంది. నాకు ముందే తెలుసు కదా."

ఆయన లోపలి గది వైపు కూడా చూడలేదు. మైనం చిన్న ఉండ తీసి, బరువు చూసుకుంటున్నట్టు వేళ్ళ మధ్య దొర్లించాడు.

నేను లేచాను. మోకాళ్ళు నొప్పిపెట్టాయి. చెప్పులు విప్పి గదిలోకి వెళ్ళాను. పిల్లలు కర్రలు సర్దుకుంటున్నారు, ఇబు ఎదురుగా కూర్చుని ఉంది. నేను వాయిద్యాల చుట్టూ తిరిగి ముందుకు వచ్చి నిలబడేసరికి ఆవిడకి అర్థమైపోయింది. వద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపింది. నేను ఆవిడ వైపు చూడటం మానేశాను.

"సయా పెట్టిన మైనం రాలిపోలేదు" అన్నాను బర్మీస్‌లో. "నేను కత్తితో గీకేశాను. మొన్న అడిగితే అబద్ధం చెప్పాను. ఆయన పనిలో ఏ లోటూ లేదు."

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనక ఆ మేళం పిల్ల చెవి దగ్గర జుట్టు వెనక్కి తోసుకుని, "ఏమన్నారు? ఇక్కడికి వినపడలేదు" అంది.

తెరిచి ఉన్న తలుపులోంచి వరండాలో ఆయన వీపు కనపడుతోంది. నేను ఇంకో నాలుగడుగులు వేసి, ఆ పిల్ల ఎదురుగా నిలబడి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.